మెల్లగా ఇగిరేవాటి లెక్క

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే ఐదు ఉత్తరాలు ఒకే దారిలో ఉన్నాయి. రాసినవాళ్లలో ఒకరు చదువుకునే కుర్రాడు, ఒకరు రంగుల దుకాణం నడిపే ఆయన, ఒకరు ఇల్లాలు, ఒకరు ప్రింటింగ్ పని చేసే తమ్ముడు, ఒకరు కాలేజీ అమ్మాయి. ఎవరి గోడు వాళ్లది. కానీ అడిగింది ఒక్కటే: త్వరగా ఇగిరిపోని ద్రవం ఎంత మెల్లగా ఇగిరిపోతోందో ఎలా తెలుసుకోవాలి? పటాన్‌చెరు వైపు ఒక రంగుల ఫ్యాక్టరీ క్వాలిటీ ల్యాబ్‌లో 26 ఏళ్లు పనిచేశాను. అందులో చాలా రోజులు ఈ ప్రశ్నతోనే గడిచాయి. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి పెట్టి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సాల్వెంట్లు, అంటే రంగుల్లాంటివాటిని కరిగించే ద్రవాలు, ఎంత వేగంగా ఆవిరవుతాయో తూచి చూడటం నా ప్రాజెక్టు. అసిటోన్, టోలుయీన్ బాగానే వచ్చాయి. ఇథిలీన్ గ్లైకాల్ 10.00 గ్రాములు పెట్రీ డిష్‌లో పోసి ల్యాబ్‌లో వదిలేస్తే మర్నాటికి 13.8, రెండో రోజు 14.9, మూడో రోజు 14.1 గ్రాములు తూగింది. తగ్గాల్సింది పెరుగుతోందేమిటి? మా సార్ నా తూకమే తప్పంటున్నారు. రికార్డులో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: బాబూ, ఆ అంకెల్ని రికార్డులోంచి కొట్టెయ్యొద్దు. నీ తూకం సరిగ్గానే ఉంది. నీ డిష్‌లో ఒకేసారి రెండు పనులు జరుగుతున్నాయి. గ్లైకాల్ కొంచెం కొంచెంగా పైకి పోతోంది. గాలిలోని తేమ అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా లోపలికి దిగుతోంది. త్రాసుకి ఈ రెండిటి తేడా తప్ప మరేం తెలియదు. ముసురు రోజుల్లో మూత పెట్టని ఉప్పు డబ్బా నీరు కారుతుంది చూడు, ఇదీ అంతే. గ్లైకాల్‌కి నీళ్లంటే ఉప్పుకంటే ఎక్కువ ఆశ. అందులోనూ మీది సముద్రపు గాలి. మూడో రోజు తూకం కాస్త తగ్గిందన్నావు. ఆ రోజు ఎండ కాసి, గాలి పొడిబారి ఉంటుంది. అప్పటిదాకా తాగిన నీళ్లలో కొన్ని తిరిగి వెళ్లిపోయాయన్నమాట. ఆ మూడు రోజుల గాలి తేమ అంకెలు వాతావరణ శాఖ వివరాల్లో చూసి, నీ తూకాల పక్కన రాసి పెట్టు. రెండూ కలిసి నడుస్తాయి.

ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలంలో నాకూ ఇదే జరిగింది. ఎమల్షన్ రంగుల్లో వేసే ప్రొపిలీన్ గ్లైకాల్ కొత్త లోడు వచ్చింది. వాచ్ గ్లాసులో రెండు గ్రాములు వేసి, కిటికీ పక్క బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లాను. పొద్దున్నే వచ్చి తూస్తే రెండున్నర దాటింది. మా పై అధికారి లాగ్‌బుక్ చూసి, తడి చేతులతో పట్టుకున్నావని అందరి ముందూ అని, ఆ పేజీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. నాకు అన్నం సహించలేదు. వారం తర్వాత అలాంటి నమూనానే మళ్లీ పెట్టి, తూచి, అందులో నీళ్లెంతో కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో తేల్చాను. పెరిగిన బరువంతా నీళ్లే. అప్పుడు కొత్త పేజీలో పాత అంకెలు మళ్లీ రాసుకున్నాను. కాబట్టి మీ సార్ మీద కోపం పెట్టుకోకు. ఆయనకి లెక్క చూపించు.

లెక్క కష్టమేం కాదు. నీళ్లెంతో విడిగా తెలిస్తే మిగిలింది తీసివేతే. మూడో రోజు నీ డిష్‌లో నీరు 33 శాతం ఉందనుకుందాం. 14.1 గ్రాముల్లో 4.65 గ్రాములు నీళ్లు. మిగిలిన గ్లైకాల్ 9.45. మొదట పోసింది 10.00. అంటే మూడు రోజుల్లో పోయింది 0.55 గ్రాములు. త్రాసేమో నాలుగు గ్రాములు పెరిగిందంటోంది, గ్లైకాల్ మాత్రం అర గ్రాము పైగా తగ్గింది. కార్ల్ ఫిషర్ పరికరం మీ కాలేజీలో లేకపోతే దిగులు పడకు. ద్రవంలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే అబే రిఫ్రాక్టోమీటర్ ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర నీటి వక్రీభవన గుణకం 1.333, ఇథిలీన్ గ్లైకాల్‌ది దాదాపు 1.43. తెలిసిన పాళ్లలో నాలుగైదు మిశ్రమాలు నువ్వే కలిపి ఒక గ్రాఫ్ గీసుకో. ఆ తర్వాత నీ డిష్‌లోంచి ఒక్క చుక్క చాలు.

ఇంకో దారి, నీళ్లని అసలు దగ్గరికి రానివ్వకపోవడం. చేపల తొట్టెకి పెట్టే చిన్న గాలి పంపు కొనుక్కో. ఆ గాలిని నీలం సిలికా జెల్ నింపిన గొట్టంలోంచి పంపి, నమూనా ఉన్న డబ్బాలోకి ఒక పక్క నుంచి వదిలి, రెండో పక్క నుంచి బయటికి పోనివ్వు. జెల్ గులాబీ రంగుకి తిరిగిన వెంటనే మార్చు. డెసికేటర్‌లో (తేమ పీల్చే జెల్ ఉంచిన మూత డబ్బాలో) పెట్టి మూసేస్తే సరిపోదా అని అడుగుతావేమో. సరిపోదు. మూసిన చోట గ్లైకాల్ ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు నువ్వు కొలిచేది గ్లైకాల్ ఎంత ఇగిరిందో కాదు, ఆ ఆవిరిని జెల్ ఎంత పీల్చుకుందో.

గాలి కదలడం ఎందుకంత ముఖ్యమో కూడా తెలుసుకో. ద్రవం పైన ఒక పలుచని నిశ్చలమైన గాలి పొర ఉంటుంది. ఆవిరి అందులోంచి మెల్లగా పాకుతూ పైకి రావాలి. ఫ్యాన్ వేస్తే ఆ పొర పలచబడుతుంది, వేగం పెరుగుతుంది. డిష్ అంచుకంటే ద్రవం బాగా కిందికి ఉంటే పొర మందమవుతుంది, వేగం తగ్గుతుంది. అందుకే అన్ని నమూనాలకీ ఒకే సైజు డిష్, ఒకే లోతు, ఒకే మూల. సీలింగ్ ఫ్యాన్ కింద ఒకటి, గోడ వారగా ఒకటి పెట్టి పోల్చకూడదు. వేడి సంగతీ అంతే. ఇలాంటి బరువైన సాల్వెంట్ల బాష్పపీడనం, అంటే ఆవిరై పైకి పోవాలనే తోపు, పది డిగ్రీలకి దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర తెచ్చిన అంకె మన ఏప్రిల్ మధ్యాహ్నానికి పనికిరాదు. థర్మామీటర్‌ని డిష్ పక్కనే పెట్టి తూచిన ప్రతిసారీ రాసుకో.

పరిశ్రమలో ఈ గొడవలన్నీ తప్పించడానికి ఒక పద్ధతి ఉంది. ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థది, డీ3539 అంటారు. షెల్ థిన్ ఫిల్మ్ ఎవాపరోమీటర్ అనే పెట్టెలో చేస్తారు. నేను దాని ముందు కూర్చున్న గంటలకి లెక్క లేదు. పెట్టెలో ఒక గుండ్రటి ఫిల్టర్ పేపర్ త్రాసుకి వేలాడుతూ ఉంటుంది. సిరంజితో 0.70 మిల్లీలీటర్ల సాల్వెంట్‌ని కాగితమంతా పరుచుకునేలా చుక్క చుక్కగా వదలాలి. చెయ్యి వణికితే అంచు దాటి కారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. 25 డిగ్రీల దగ్గర నిమిషానికి 21 లీటర్ల పొడి గాలి పోతూ ఉంటుంది. బరువులో 90 శాతం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. నార్మల్ బ్యూటైల్ అసిటేట్‌కి దాదాపు 470 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల లోపు. దాన్ని 1 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. టోలుయీన్ దాదాపు 2, జైలీన్ 0.7, నీళ్లు 0.3, బ్యూటైల్ సెల్లోసాల్వ్ 0.07, బ్యూటైల్ కార్బిటాల్ 0.003. ఈ చివరి అంకెని కాలంలోకి మార్చి చూడు. 470 సెకన్లని 0.003తో భాగిస్తే 43 గంటలు దాటుతుంది. ఒక్క కాగితం ముక్క, ముప్పావు మిల్లీలీటరు కూడా లేని ద్రవం, దాదాపు రెండు రోజులు! ఆ రెండు రోజులూ వేడి, గాలి ఒక్కలాగే ఉండాలి, త్రాసు సున్నా జరగకూడదు, కరెంటు పోకూడదు. మెల్లగా ఇగిరేవాటి అంకెలు ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో రెండింతలు కనిపించడానికి కారణం ఇదే.

ఇంకొకటి. మరిగే ఉష్ణోగ్రత చూసి వేగం ఊహించొద్దు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర, టోలుయీన్ దాదాపు 111 దగ్గర మరుగుతాయి. అయినా పొడి గాలిలో టోలుయీన్ నీళ్లకంటే ఆరేడు రెట్లు వేగంగా పోతుంది. 25 డిగ్రీల దగ్గర రెండిటి బాష్పపీడనం దగ్గర దగ్గరగానే ఉంటుంది, నీళ్లకి 24, టోలుయీన్‌కి 28 పాదరసపు మిల్లీమీటర్లు. కానీ టోలుయీన్ అణువు బరువు 92, నీటిది 18. ఒక్కో అణువు పోయినప్పుడల్లా త్రాసు మీద తగ్గేది ఐదు రెట్లు. పైగా నీళ్లు ఆవిరవుతూ తమని తామే బాగా చల్లబరుచుకుంటాయి, దాంతో వేగం ఇంకా పడిపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే కదా.

రికార్డులో తూకం, నీటి శాతం, గది వేడి, గాలి తేమ, డిష్ వ్యాసం అన్నీ పక్కపక్కన రాయి. మంచి ప్రాజెక్టు అవుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను రంగులు, తిన్నర్లు అమ్ముతాను. ఒక కంపెనీ షీటులో అసిటోన్ ఆవిరి అంకె 5.6 అని ఉంది, ఇంకో కంపెనీ షీటులో 2.1 అని ఉంది. బ్యూటైల్ సెల్లోసాల్వ్‌కి ఒకదాంట్లో 0.07, ఇంకోదాంట్లో 160 పైన. ఏది నమ్మాలి? – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: రెండూ నమ్మొచ్చండీ. కొలబద్దలు వేరు. మొదటిది నేను పైన రాసిన పద్ధతి, అందులో బ్యూటైల్ అసిటేట్ 1. అంకె పెద్దదైతే వేగం ఎక్కువ. రెండోది జర్మన్ పద్ధతి, డిన్ 53170. అందులో ఈథర్ 1. ఈథర్ ఆవిరైన కాలానికి ఎన్ని రెట్లు పడుతుందో చెబుతుంది కాబట్టి అంకె పెద్దదైతే వేగం తక్కువ. అసిటోన్‌కి ఈథర్ కంటే రెండింతల సమయం పడుతుంది, బ్యూటైల్ సెల్లోసాల్వ్‌కి నూట అరవై రెట్లు.

మీ కొట్లో గోడకి ఒక కాగితం అంటించి, ఏ షీటు ఏ కొలబద్దదో రాసి పెట్టుకోండి. తిరగేసి చదివితే పెయింటర్‌కి నెమ్మదిగా ఆరే తిన్నర్ బదులు గబగబా ఆరేది ఇచ్చేస్తారు. అప్పుడు కారు బోనెట్ మీద ముసురు రోజున తెల్లటి పొర వస్తుంది. సాల్వెంట్ ఒక్కసారిగా ఇగిరి లోహాన్ని చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద మంచులా పడుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్‌తో పని చేసేవాళ్లందరికీ ఆ తెలుపు బాగా తెలుసు. అందుకే వానాకాలంలో రిటార్డర్, అంటే ఆరడాన్ని నెమ్మది చేసే సాల్వెంట్, అడుగుతారు. ఒక షీటు అంకెని ఇంకో షీటు అంకెలోకి కాలిక్యులేటర్‌తో మార్చే ప్రయత్నం కూడా వద్దు. కాగితం, గాలి, పద్ధతి అన్నీ వేరు, కచ్చితంగా కుదరదు.

ప్రశ్న: మేడమ్ గారూ, గృహప్రవేశానికి ముందు ఇల్లంతా రంగులు వేయించాం. డబ్బా మీద వాసన తక్కువ, వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు) తక్కువ అని ఉంది. పెయింటర్ రెండు గంటల్లో ఆరిపోతుందన్నాడు, నిజంగానే చేతికి అంటలేదు. కానీ పన్నెండు రోజులైనా మా బాబు గది తలుపు తీస్తే ఏదో తియ్యటి వాసన, అలమరలు తీస్తే వేరే ఘాటు వాసన. బాబుకి ఏడు నెలలు. ఆ గదిలో పడుకోబెట్టొచ్చా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఇంకొన్నాళ్లు బాబుని మీ గదిలోనే పడుకోబెట్టుకోండి. ఆ గది కిటికీలు రోజూ పగలంతా తెరిచి ఉంచండి. ఎందుకో చెబుతాను.

చేతికి అంటకపోవడం వేరు, లోపలిదంతా పోవడం వేరు. మీరు వడియాలు పెట్టి ఉంటారు. సాయంత్రానికి పైన గట్టిగా ఆరినట్టే ఉంటాయి. విరిచి చూస్తే లోపల పచ్చి. రంగు పొర కూడా అంతే. మొదటి గంటా రెండు గంటల్లో నీళ్లు పోతాయి. ఎమల్షన్ రంగులో ప్లాస్టిక్ లాంటి సూక్ష్మమైన గుళికలు ఉంటాయి. నీళ్లు పోయాక అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొర అవ్వాలి. అలా కలవడానికి వాటిని కాసేపు మెత్తబరిచే సాల్వెంట్ కొద్దిగా వేస్తారు. దాన్ని కోయలెసెంట్ అంటారు. నీళ్లకంటే ముందే పోతే పని జరగదు కాబట్టి, మెల్లగా పోయేదాన్నే ఎంచుకుంటారు. టెక్సనాల్ అనే పేరుతో ఎక్కువగా వాడేది దాదాపు 255 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫిల్టర్ పేపర్ మీద దాని వేగం బ్యూటైల్ అసిటేట్ వేగంలో ఐదు వందల్లో ఒక వంతు.

అది కూడా కాగితం మీద ఒంటరిగా ఉన్నప్పటి మాట. రంగు పొరలో ఇరుక్కున్నాక కథ మారిపోతుంది. మొదట్లో వేగాన్ని నిర్ణయించేది పైన ఉన్న గాలి. పొర గట్టిపడ్డాక నిర్ణయించేది లోపలి దారి, అణువు ఆ ఇరుకులోంచి పైదాకా పాక్కుంటూ రావాలి. అప్పుడు బాష్పపీడనం కంటే అణువు సైజు, ఆకారం ముఖ్యమవుతాయి. చార్లెస్ హాన్సెన్ 1967లో కోపెన్‌హాగన్‌లో చేసిన సిద్ధాంత గ్రంథంలో ఈ విషయాన్ని లోతుగా చూశారు. మేం ల్యాబ్‌లో చూసిందీ అదే. గాజు పలక మీద రంగు పూసి రోజూ తూస్తే, మొదటి రోజు గీత నిటారుగా దిగుతుంది, ఆ తర్వాత వారాల తరబడి నేలకి దాదాపు సమాంతరంగా సాగుతుంది. కానీ పూర్తిగా ఆగదు. ఆ సన్నటి దిగుడే మీ బాబు గదిలో తియ్యటి వాసన.

ఎంత ఉంటుందంటారా? 20 లీటర్ల బకెట్ బరువు దాదాపు 28 కిలోలు. అందులో కోయలెసెంట్ ఒక్క శాతం ఉందనుకున్నా 280 గ్రాములు. అంటే పెద్ద గ్లాసు నిండా. గోడలకి పట్టిన ఆ గ్లాసుడూ రోజులూ వారాల మీద మీ ఇంటి గాలిలోకే రావాలి.

మరి డబ్బా మీద వీఓసీ తక్కువ అని ఎలా రాస్తారు? అబద్ధం రాశారని నేననను. నిర్వచనం అలా ఉంది. యూరప్‌లో 2004లో వచ్చిన రంగుల చట్టం ప్రకారం మరగడం మొదలయ్యే వేడి 250 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్నవే వీఓసీ. 255 దగ్గర మరిగేది ఆ గీతకి అవతల పడింది. కాలిఫోర్నియాలో కొన్ని ఇంటి సరుకులకి ఇంకో గీత, 20 డిగ్రీల దగ్గర బాష్పపీడనం 0.1 మిల్లీమీటరు కంటే తక్కువుంటే లెక్కలోంచి మినహాయింపు. అమెరికాలో రంగులకి చేసే మరో పరీక్షలో నమూనాని 110 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, ఎంత బరువు పోయిందో చూస్తారు. మీ పడగ్గది ఎప్పుడైనా 110 డిగ్రీలకి వేడెక్కుతుందా? గంటలో ఆ వేడికి పోయేదంతా గదిలో పోతుందని లేదు, అక్కడ మినహాయించినదంతా గదిలో నిలిచిపోతుందనీ లేదు. 2014లో కాలిఫోర్నియాలోని సౌత్ కోస్ట్ గాలి నాణ్యత సంస్థ శాస్త్రవేత్తలు ఈ పని నేరుగా చేశారు. రకరకాల సాల్వెంట్లని మామూలు గది వాతావరణంలో వదిలేసి, తూచుకుంటూ పోయారు. బాష్పపీడనం తక్కువని మినహాయింపు పొందినవాటిలో కొన్ని, అవి ఎవరి స్థానంలోకి వచ్చాయో ఆ పాత సాల్వెంట్లంత వేగంగానే దాదాపు పోయాయి. వీఓసీ లెక్కలో వేసే కొన్ని బరువైన నూనెలేమో కదలకుండా డిష్‌లోనే ఉండిపోయాయి. ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. గదిలో ఏం జరుగుతుందో తెలియాలంటే గదిలోనే తూచాలని మేం ఎప్పటినుంచో అనుకుంటున్న మాట అది.

అలమరల వాసన వేరే. వాటికి నూనె రంగు, అంటే ఎనామెల్ వేసి ఉంటారు. అందులో టర్పెంట్ రెండు మూడు రోజుల్లో చాలావరకు పోతుంది. ఆ తర్వాత వచ్చే ఘాటు సాల్వెంట్‌ది కాదు. ఎనామెల్‌లోని నూనె గాలిలో ఆక్సిజన్‌ని తీసుకుని గట్టిపడుతూ ఆల్డిహైడ్లనే ఘాటు వాసన రసాయనాలని వదులుతుంది. తలుపులు మూసి పెడితే ఆ పని మెల్లగా సాగుతుంది, వాసన లోపలే పేరుకుంటుంది. బట్టలు సర్దకుండా అలమర తలుపులు బార్లా తెరిచి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

ఏసీ వేసి గది మూసెయ్యడం మాత్రం వద్దు. చల్లదనానికి ఆవిరి మందగిస్తుంది, వచ్చిందేమో బయటికి పోదు. ఎండ వేళ కిటికీలు, ఎదురు తలుపు తీసి ఉంచడమే మంచి మందు. గృహప్రవేశం శ్రావణంలోనా? ముసురులో రంగు వేయిస్తే ఇంకో చిక్కు ఉంది. గాలి తడిగా ఉంటే నీళ్లు కదలవు, సాల్వెంట్‌కి ఆ అడ్డు లేదు కాబట్టి అది ముందు పోవచ్చు. అప్పుడు పొర సరిగ్గా కలవక, గోడని తడిగుడ్డతో తుడిస్తే సుద్దలా అంటుకుంటుంది. మీ గోడ ఒక మూల తుడిచి చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, విజయవాడలో స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను. వినైల్ స్టిక్కర్లే ఎక్కువ. ఎండాకాలం పది షీట్లు లాగేసరికి మెష్ (ఇంకు దిగే జల్లెడ గుడ్డ) జామ్ అయిపోతోంది. రిటార్డర్ కలిపితే జామ్ కాదు కానీ, కట్ట కట్టిన స్టిక్కర్లు మర్నాటికి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ఎంత కలపాలో ఎవరూ చెప్పరు. – ఒక ప్రింటర్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, మీ షాపులో మే నెలలో 42 డిగ్రీలు ఉంటుంది. ల్యాబ్ అంకెలు 25 డిగ్రీలవి. పదిహేడు డిగ్రీల తేడాకి సాల్వెంట్లు మూడింతలకి పైగా వేగంగా పోవచ్చు. అందుకే మెష్ కళ్లలో ఇంకు ఎండిపోతోంది. అంతవరకు రిటార్డర్ కలపడం సరైన పనే. కానీ రిటార్డర్ మెష్ మీద నిలిచినట్టే షీటు మీదా నిలుస్తుంది. వినైల్ ఇంకులో సైక్లోహెక్సనోన్ లాంటివి వినైల్‌ని కొంచెం కరిగించి పట్టు ఇస్తాయి. ఎక్కువైతే అవి షీటు లోపలికి దిగి కూర్చుంటాయి, అక్కడి నుంచి బయటికి రావడానికి రోజులు పడుతుంది. కట్ట కట్టి బరువు పెట్టాక అవి పోయే దారి లేదు, పక్క షీటుని మెత్తబరుస్తాయి.

మీ షాపులోనే కొలుచుకోండి. బంగారం కొట్లలో వాడే లాంటి చిన్న త్రాసు, 0.01 గ్రాము చూపించేది చాలు. కొంచెం పెద్ద వినైల్ ముక్కలు ఒకే కొలతకి నాలుగు కోసుకోండి. రిటార్డర్ వెయ్యకుండా ఒకటి, 5 శాతంతో ఒకటి, 10తో ఒకటి, 15తో ఒకటి ప్రింట్ చేసి, ర్యాక్‌లో మామూలుగా పెట్టే చోటే పెట్టండి. పది నిమిషాలకి, గంటకి, సాయంత్రానికి, మర్నాడు పొద్దున తూచి రాసుకోండి. ప్రింట్ చెయ్యని ముక్క ఒకటి పక్కన పెట్టి దాన్నీ తూచండి, త్రాసు జరిగిందో లేదో అదే చెబుతుంది. బరువు తగ్గడం ఎక్కడ దాదాపు ఆగిందో అప్పటిదాకా కట్ట కట్టొద్దు. మెష్ జామ్ కాకుండా ఆపగలిగిన అతి తక్కువ శాతం ఏదో అదే మీ అంకె. మే నెలకి ఒకటి, ఆగస్టుకి ఒకటి, డిసెంబరుకి ఒకటి రాసి గోడకి అంటించుకోండి. పక్క షాపువాడి అంకె మీకు పనికిరాదు. ఆయన షాపు మేడ మీద ఉండొచ్చు, మీది సెల్లార్ కావచ్చు.

ఇంకొక మాట, ఇది మీ ఆరోగ్యం గురించి. మెల్లగా ఇగురుతుంది, వాసన తక్కువ అని రిటార్డర్‌ని చేతులతో తుడవకండి. రిటార్డర్లలో వాడే సెల్లోసాల్వ్ రకాలు చర్మంలోంచి ఒంట్లోకి దిగుతాయి. గాలిలోకి మెల్లగా పోతుంది కాబట్టే చర్మం మీద ఎక్కువసేపు నిలుస్తుంది. మిథైల్ సెల్లోసాల్వ్, ఇథైల్ సెల్లోసాల్వ్ అనే పాత రకాలు మగవాళ్లకీ ఆడవాళ్లకీ సంతానం విషయంలో హాని చేస్తాయని తేలింది, గర్భంలో బిడ్డకి కూడా. డబ్బా లేబుల్ మీద ఆ పేర్లుంటే తిప్పి పంపించండి. బ్యూటైల్ రకమైనా సరే, బ్యూటైల్ రబ్బరు గ్లోవ్స్ లేదా మందపాటి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, చిరిగితే వెంటనే మార్చండి. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లు మెష్ కడిగేటప్పుడు మోచేతుల దాకా ముంచుతారు, నేను చాలా షాపుల్లో చూశాను. ముందు వాళ్లకి గ్లోవ్స్ కొనండి, త్రాసు తర్వాత కొనొచ్చు.

ప్రశ్న: మేడమ్, చార్మినార్ దగ్గర కొన్న అత్తరు రాత్రిదాకా ఉంటుంది, స్ప్రే మధ్యాహ్నానికే పోతుంది. అత్తరు నూనె కాబట్టి ఆవిరవ్వదా? – ఒక కాలేజీ అమ్మాయి, హైదరాబాద్

జవాబు: ఆవిరవ్వకపోతే వాసనే రాదు తల్లీ. ముక్కుదాకా వచ్చేది ఆవిరే. స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాల్, అది నిమిషంలో పోతుంది, మిగిలేది కొద్దిపాటి సుగంధం. అత్తరులో ఆల్కహాల్ ఉండదు. పాత పద్ధతిలో పూల ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. ఇప్పుడు చవకవాటిలో గంధపు నూనె బదులు డైప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు. గంధపు నూనె అయినా, గ్లైకాల్ అయినా చాలా మెల్లగా ఇగిరేవే. వాటిలో కలిసి ఉన్న మల్లె, గులాబీ వాసనలు కూడా ఒక్కసారిగా పోలేక, కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి.

నీ అత్తరు ఎలాంటిదో చూడాలనుంటే తెల్లటి మందపాటి కాగితం రెండు పట్టీలు కత్తిరించు. ఒకదాని కొసకి నీ అత్తరు ఒక చుక్క, రెండోదానికి నీకు నమ్మకం ఉన్న మంచి గంధపు అత్తరు ఒక చుక్క. తేదీ, గంట పెన్సిల్‌తో రాసి పుస్తకాల అరకి గుచ్చు. రోజూ ఒకే సమయానికి వాసన చూసి, ఏమనిపించిందో కింద రాస్తూ వెళ్లు. వారం తర్వాత ఆ రెండు పట్టీలు కవర్లో పెట్టి నాకు పంపించు. నేనూ చూస్తాను.